బావకు, చెన్నై మాధవరం షెడ్డు నుంచి

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నారు అందరూ? చెల్లెమ్మ నడుం నొప్పి తగ్గిందా? మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కన కంప్రెషర్ మోత, బయట జీఎన్‌టీ రోడ్డు హారన్లు. సగం విన్నాను, సగం ఊహించుకున్నాను. ఆటోనగర్‌లో నీ దగ్గరికి క్లచ్ పెడల్ లేని లారీ ఒకటి వచ్చింది, గేరు పడటం లేదు, గేర్లు మార్పించే ఎలక్ట్రానిక్ డబ్బా, అదే ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్, పోయిందని ఎవరో చెబితే మీ పార్టీ కొత్తది తెప్పించమని నీ పీక మీద కూర్చున్నాడు. అంతేగా? అప్పుడే తెప్పించకు. ఎలక్ట్రానిక్ సామాను ఒకసారి బిల్లు వేశాక వెనక్కి తీసుకునే షాపువాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా? ఇక్కడ ఈ మధ్యే అలాంటి బండి ఒకటి వచ్చింది కాబట్టి వివరంగా రాస్తున్నా. టీ పెట్టించుకుని చదువు.

మా దగ్గరికి వచ్చింది ఎన్నూరు పోర్టు నుంచి శ్రీపెరుంబుదూరుకి కంటైనర్లు తోలే ట్రైలర్. కంపెనీ పేరు వద్దులే. డ్రైవరు నెల్లూరాయన, మెత్తటి మనిషి, పాపం ఏడవడమొక్కటే తక్కువ. పొద్దున బండికి ఏ రోగమూ ఉండదట. మధ్యాహ్నం ఎండ ముదిరాక సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, డిస్‌ప్లేలో గేరు నంబరు ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు. ఇక ముందుకీ పోదు, వెనక్కీ పోదు. వెనక బళ్ళవాళ్ళు తమిళంలో పెట్టే దీవెనలు వింటూ కూర్చుంటే, కాసేపటికి తనంతట తానే మళ్ళీ గేరు పడుతుంది.

ఇలాంటి బండి గేర్ బాక్సు లోపల ఉండేవి మన పాత గేర్లేరా. క్లచ్ తొక్కే కాలి పనీ, రాడ్డు లాగే చేతి పనీ మాత్రం గాలి చేస్తుంది. ఎప్పుడు తొక్కాలో ఎప్పుడు లాగాలో చెప్పేది ఆ మాడ్యూల్. షాఫ్టుల వేగం సెన్సార్ల నుంచి తెలుసుకుంటుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారో ఇంజన్ ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే డబ్బా, దగ్గర కనుక్కుంటుంది. అందుకే ఆ డబ్బాకి కరెంటు సరిగ్గా అందకపోయినా, ఎర్తు వదులైనా, ఇంజన్‌తో మాట కలవకపోయినా పైకి కనిపించే జబ్బు ఒకటే, గేరు పడదు. డబ్బానే పోయిందని తేల్చేది అన్నీ అయ్యాక, చిట్టచివర.

మా షెడ్డులో కొత్త కుర్రాడు డబ్బాకి వైర్లు కలిపే కప్లర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టి, "అన్నా, ఇరవై నాలుగు ఫుల్లుగా వస్తోంది, పవర్ ఓకే" అన్నాడు. మీటరు లాగే కరెంటు ఎంతని? వైరులో ఒక్క పోగు మిగిలినా 24 చూపిస్తుంది. 24 వోల్టుల, 70 వాట్ల హెడ్‌లైట్ బల్బు తెచ్చి పవర్ పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య తగిలించమన్నా. అది దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఎక్కడైనా తుప్పు గట్టిగా పట్టి ఉంటే బల్బు ఎర్రగా, నీరసంగా వెలుగుతుంది. మాది తెల్లగా భగ్గున వెలిగింది. అది వెలుగుతుండగానే బ్యాటరీ నెగటివ్‌కీ ఎర్త్ పిన్నుకీ మధ్య వోల్టేజి చూస్తే దాదాపు సున్నా. నీ బండికి ముందు ఈ పరీక్ష చెయ్. చాలా బళ్ళు ఇక్కడే దొరికిపోతాయి, ఎర్త్ బోల్టు కింద గీకి బిగిస్తే జబ్బు వదిలిపోతుంది. ఒక్కటి, కప్లర్‌లోకి లావు ప్రోబ్ పొడవకు. పిన్ను విప్పారిపోతే లేని జబ్బు నువ్వే తెచ్చిపెట్టినవాడివవుతావు.

తర్వాత క్యాన్ లైను, అంటే ఈ డబ్బాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు. బండి జబ్బు చదివే స్కానర్ తగిలించడానికి గుండ్రటి తొమ్మిది పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటే అందులో సి, డి పిన్నులు. పదహారు పిన్నులదైతే మామూలుగా 6, 14. బ్యాటరీ తీసేసి వాటి మధ్య ఓములు చూడు. లైను రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిసి 60 రావాలి. 120 వచ్చిందంటే లైను ఎక్కడో తెగింది, లేదా ఒక చివర రెసిస్టర్ లేదు. సున్నా దగ్గరికి వచ్చిందంటే రెండు వైర్లూ ఎక్కడో ఒరుసుకుపోయి కలిశాయి. మాకు 60 వచ్చింది.

ఈ లైను మీద ఒక్కో యూనిట్‌కి ఒక్కో నంబరు. ఇంజన్ 0, గేర్ బాక్సు 3, బ్రేకులు 11. స్కానర్ పెడితే స్కూల్లో హాజరు పిలిచినట్టే, పొద్దున ముగ్గురూ పలికారు. ఎండ ఎక్కేదాకా ఎవడు కూర్చుంటాడు చెప్పు? మా కుర్రాడు పక్క సెలూన్ నుంచి జుట్టు ఆరబెట్టే డ్రయర్ పట్టుకొచ్చాడు. క్లీనర్ వైపు ప్యానెల్ విప్పితే డబ్బా అక్కడే ఉంది. కప్లర్‌కి వేడి తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టి, డబ్బా మీదకి మాత్రం వేడి గాలి కొట్టాం. అల్యూమినియం మూత చేత్తో పట్టుకోలేనంత కాలేసరికి స్కానర్‌లో 3 మాయం! 0 ఉంది, 11 ఉంది, డిస్‌ప్లేలో అడ్డగీతలు ప్రత్యక్షం. ఆ క్షణంలోనే కప్లర్ వెనక నుంచి మీటర్ పెట్టి చూస్తే కరెంటూ, ఎర్తూ రెండూ వస్తున్నాయి. ఫ్యాన్ గాలికి చల్లారాక మళ్ళీ పలికింది, వేడి చేస్తే మళ్ళీ మౌనం. లోపల ఎక్కడో టంకం పగిలి వేడికి విడిపోతోంది. అప్పుడు రాశాను కొత్త మాడ్యూల్‌కి ఆర్డరు. సెలూన్ ఆయన మాత్రం డ్రయర్ తిరిగి తీసుకుంటూ వాసన చూసి మరీ తీసుకున్నాడు.

ఓనరు ఒప్పుకుంటాడా? "పుదుపేటలో పాత సామానుకి కొదవా, అదే పార్ట్ నంబరుది సగం ధరకి తెస్తా" అని ఒకటే గోల. పార్ట్ నంబరు ఒకటైనా లోపలి సాఫ్ట్‌వేర్ వేరే బండిది. హౌసింగ్ (వెనక ఇరుసు గేర్లు) రేషియో వేరు, టైరు సైజు వేరు, చాలావాటిలో పాత బండి ఛాసిస్ నంబరు కూడా రాసి ఉంటుంది. లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తప్పు గేరు వేస్తే బాధ్యత ఎవడిది? నేనైతే పెట్టనన్నా. రెండు టీలు తాగి దారికొచ్చాడు.

కొత్తది ఖాళీగా వస్తుంది, బోల్టులు బిగించడం పిల్లాడి పని. అసలు పని లాప్‌టాప్‌ది. పాతది చల్లగా ఉండి పలుకుతున్నప్పుడే దానిలోని సెట్టింగులన్నీ సేవ్ చేయించా. నువ్వూ అలాగే చెయ్, పూర్తిగా చచ్చాక అడిగితే ఏం చెప్పదు. తర్వాత బ్యాటరీలు విప్పి డబ్బా మార్చి, ఛార్జర్ తగిలించి, ఏసీ, లైట్లు అన్నీ ఆపి, సర్వీసు అబ్బాయి ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాడు. సరిగ్గా సగంలో షెడ్డులో కరెంటు పోయింది! ఛార్జర్ ఆగిపోయింది. మధ్యలో వోల్టేజి పడిపోతే కొత్త డబ్బా అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు. అందరం స్క్రీన్ మీద శాతం అంకె వైపు గుడ్లప్పగించి చూస్తున్నాం, ఆ టెన్షన్‌లో నెల్లూరాయన వెంకన్నకి ముడుపు కూడా కట్టేశాడు. బ్యాటరీలు ముందురోజే ఫుల్ ఛార్జ్ చేసి ఉంచాం కాబట్టి లాక్కొచ్చాయి.

ఆపైన క్లచ్ నేర్పించడం. చక్రాల కింద దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గాలి 8 బార్ దాటేదాకా ఇంజన్ నడిపాం. గాలి తక్కువుంటే ఈ పని మొదలే అవదు. లాప్‌టాప్‌లో నొక్కగానే కింద బుస్సు, టక్కు, మళ్ళీ బుస్సు. క్లచ్ ఎక్కడ అంటుకుంటోందో అదే వెతుక్కుంటుంది. రెడ్ హిల్స్ దాకా ఖాళీగా తోలితే మొదట్లో గేర్లు కాస్త గట్టిగా తన్నాయి, డ్రైవరు మొహం మళ్ళీ వాడిపోయింది. కొత్త డబ్బాకి ఇంకా అలవాటు పడలేదని సర్దిచెప్పా. లోడుతో తిరగడం మొదలయ్యాక సర్దుకుంది.

అన్నట్టు, మీ పార్టీ ఈ మధ్య ఛాసిస్‌కి వెల్డింగ్ చేయించాడేమో అడుగు. బ్యాటరీ కేబుళ్ళూ, మాడ్యూల్ కప్లర్లూ తీయకుండా వెల్డింగ్ కొడితే ఇలాంటి డబ్బాలే ముందు పోతాయి. అడిగితే ముందు లేదనే అంటాడు, డ్రైవర్ని పక్కకి పిలిచి అడుగు.

బల్బు పరీక్షా, ఓములూ రేపే చూసెయ్. రెండూ బాగుంటే డబ్బా మీది స్టిక్కర్ ఫొటో తీసి పంపు, సాఫ్ట్‌వేర్ నంబరు కూడా కనబడాలి. గ్రీజు చేత్తో తుడిచి చెరిపేయకురా బాబూ.

ఉంటా మరి,
నీ బావ