చలికాలపు విందుకు వైన్: పులుసును బట్టి ఎంచుకోవాలి

సంపాదకులకు,

నమస్కారం. చలికాలపు విందుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో వంటల సంగతి వివరంగా ఉంది. వైన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘మటన్‌కు రెడ్, కోడికీ చేపకూ వైట్’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాట నమ్మి గోంగూర మాంసం పక్కన ఖరీదైన కాబర్నే సావిన్యాన్ అనే వగరు రెడ్ వైన్ పెట్టుకున్నవాళ్లు రెండు గుక్కలు తాగి, ‘వైన్ అంటే ఇంతేనా, చేదుగా, మంటగా ఉంది’ అని గ్లాసు పక్కకు జరిపేస్తారు. సీసాలో లోపం ఉండదు, వంటలోనూ ఉండదు. జోడీ కుదరలేదు, అంతే. ఎందుకు కుదరదో, ఏది పోసుకుంటే కుదురుతుందో మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

ఆ సూత్రం పుట్టింది ఐరోపాలో, అక్కడి చలికాలపు వంటల పక్కన. ఫ్రాన్స్‌లోని బర్గండీ వాళ్ల బెఫ్ బూర్గిన్యోన్ అనే వంటలో గొడ్డుమాంసం, చిన్న ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, ఉప్పు పట్టించిన పందికొవ్వు రెడ్ వైన్‌లోనే గంటల తరబడి సన్నసెగ మీద ఉడుకుతాయి. నైరుతి ఫ్రాన్స్ వంట కాసులేలో తెల్ల చిక్కుడు గింజలు, బాతు కాళ్లు, సాసేజ్ ఉంటాయి. దాని పక్కన మదిరాన్ పోస్తారు. తనా అనే ద్రాక్షతో చేసే ఆ వైన్ మహా వగరు. ఇటలీలో పీడ్‌మాంట్ వాళ్లు మాంసాన్ని బరోలో అనే తమ రెడ్ వైన్‌లో ఉడికించి, బరోలోతోనే తింటారు. ఈ వంటలన్నిటిలో కొవ్వుంది, ఉప్పుంది. ఎండుమిరపకాయ లేదు, చింతపండు లేదు.

రెడ్ వైన్‌లో ఉండే టానిన్ అంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. మన షడ్రుచుల్లో ఉన్న వగరే అది. నేరేడు పండు తిన్నాక నాలుక బిగదీసుకుపోతుందే, అది. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉంటుంది. రెడ్ వైన్‌ను తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి వగరు దిగుతుంది. వైట్‌కు ద్రాక్షను ముందే పిండేసి, ఆ రసం మాత్రమే పులియబెడతారు కాబట్టి పెద్దగా దిగదు. ఈ వగరు లాలాజలంలోని ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. అందుకే నోరు ఎండినట్టవుతుంది. నోట్లో మాంసం, కొవ్వు ఉంటే అది వాటిని పట్టుకుంటుంది. నోటికంటిన జిడ్డు పోయి, వైన్ మెత్తబడి, ఇంకో ముద్ద తినబుద్ధవుతుంది. కాసులే, మదిరాన్ జోడీలో కిటుకు ఇదే.

ఇప్పుడు నాటుకోడి పులుసు తీసుకోండి. ఒక ముద్ద తిని, వెంటనే పద్నాలుగున్నర శాతం ఆల్కహాల్ ఉన్న కాబర్నే ఒక గుక్క తాగి చూడండి. ముందు నాలుక కొస మీద మంట రాజుకుంటుంది, ఆ వెనకే చిగుళ్ల మీద వగరు గీరుకున్నట్టు తగులుతుంది, చివరికి గొంతులో చేదు మిగులుతుంది. పండు వాసన ఎక్కడా ఉండదు. కారణం స్పష్టం. నోట్లో వేడిని గుర్తించే గ్రాహకాన్నే మిరప కారమూ తట్టిలేపుతుంది. ఆల్కహాల్ ఆ గ్రాహకాన్ని మరింత సున్నితం చేస్తుంది. కారం తిన్న నోట్లో ఆల్కహాల్ ఎంత ఎక్కువ పడితే మంట అంత పెరుగుతుంది. ఆ మంట మీద వగరు ఇంకా మొరటుగా తోస్తుంది.

కాబట్టి కారం గట్టిగా ఉన్న వంటకు సీసా ఎంచుకునేటప్పుడు ముందు లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి. పన్నెండున్నర దాటకపోతే మేలు. రెండోది, కొద్దిపాటి తీపి ఉండాలి. తీపి మంటను అణుస్తుంది. నాటుకోడి పులుసుకు నా ఓటు కొద్దిగా తీపి మిగిలిన నాసిక్ షెనిన్ బ్లాన్ అనే వైట్ వైన్‌కు. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇంకా మంచిది దొరుకుతుంది: జర్మన్ వైట్ వైన్ రీస్లింగ్, లేబుల్ మీద ‘కాబినెట్’ అని ఉన్నది. చాలావాటిలో ఆల్కహాల్ ఎనిమిది నుంచి పది శాతమే, పులుపూ తీపీ రెండూ ఉంటాయి. అదే లేబుల్ మీద ‘ట్రోకెన్’ అని కూడా ఉంటే తీపి లేనట్టు లెక్క, ఈ పనికి అది వద్దు.

ఇక పులుపు. చాలామంది పొరబడేది ఇక్కడే. చింతపండు పులుపులో ప్రధానమైనది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో ప్రధానమైనదీ అదే. (కొన్ని సీసాల అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తాయి. అవి గాజు ముక్కలూ కావు, పంచదారా కాదు, ఆ ఆమ్లపు లవణమే. హాని లేదు.) వంటలో పులుపు వైన్ పులుపును మించితే, ఆ ముద్ద తర్వాత వైన్ చప్పగా, నీళ్లలా తోస్తుంది. అంచేత చింతపండు పులుసుకూ గోంగూరకూ పక్కన నిలబడేది పులుపు గట్టిగా ఉన్న వైనే.

గోంగూర మాంసానికి రెండూ కావాలి: పులుపుకు పులుపు, మాంసం కొవ్వుకు కాస్త వగరు. బలమైన కాబర్నే ఇక్కడ పనికిరాదు. ఇటలీ రెడ్ వైన్ బార్బెరా అచ్చంగా సరిపోతుంది, పులుపు ఎక్కువ, వగరు తక్కువ. మన దేశంలో దొరికేవాటిలో సాంజోవేజే ద్రాక్షతో చేసిన రెడ్ చూడండి. సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గరి ఫ్రాటెల్లి వాళ్లు చేస్తారు. తెలుగువాళ్లే అయిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల్లో వేసిన క్రస్మా తోటల నుంచి కూడా వచ్చింది. అదీ దొరక్కపోతే తీపి లేని ‘రోజే’ (గులాబీరంగు) వైన్, బాగా చల్లగా.

చేపల పులుసుకు రెడ్ వద్దన్న మాట నిజమే, కారణం మాత్రం వేరు. రెడ్ వైన్‌లో ఇనుము పాలు ఎక్కువగా ఉంటే అది చేప నూనెతో కలిసి నీచువాసన పుట్టిస్తుంది. పులుసు ఎంత బాగా కుదిరినా ఆ వాసన గొంతులో ఉండిపోతుంది. సావిన్యాన్ బ్లాన్ అనే వైట్ పోసుకోండి.

మరి రెడ్‌కు మన చలికాలపు భోజనంలో చోటే లేదా? భేషుగ్గా ఉంది, మిరపకు బదులు మిరియం వాడిన చోట. షిరాజ్ అనే రెడ్ వైన్ ద్రాక్ష తొక్కలో రోటండోన్ అనే పదార్థం ఉంటుంది. మిరియానికి దాని ప్రత్యేకమైన వాసన ఇచ్చేదీ అదే. మిరియాల మటన్ వేపుడు పక్కన షిరాజ్ పెడితే గ్లాసులోనూ పళ్లెంలోనూ ఒకే వాసన పలుకుతుంది. వేపుడులో పులుపు లేదు, కొవ్వుంది, మాంసం అంచులు మాడి గోధుమరంగు తిరిగి ఉంటాయి. వగరుకు కావలసినవన్నీ ఉన్నాయి. ఆ వేపుడులో రెండు చెంచాల ఎండుకారం కలిపారా, ఈ జోడీ చెడుతుంది. మటన్ బిర్యానీకీ షిరాజ్ పనికొస్తుంది, పెరుగు పచ్చడి కలుపుకుంటే మరీనూ. పెరుగులోని కేసీన్ అనే ప్రోటీన్ కారాన్ని పట్టుకుని మంట తగ్గిస్తుంది, వగరునూ తనే పట్టుకుంటుంది.

మాంసం తినని ఇళ్లకూ ఒక మాట. గుత్తివంకాయలో నువ్వులు, పల్లీలు, కొబ్బరి పడతాయి, చింతపండు పలచగానే ఉంటుంది. కొయ్య పీపాల్లో కొద్దికాలం ఉంచిన షార్డొనే అనే వైట్ దీనికి బాగుంటుంది. గారెలు, బజ్జీల లాంటి నూనె వంటలకు బుడగల వైన్, ‘బ్రూట్’ (తీపి దాదాపు లేనిది) అని రాసి ఉన్నది. అరిసెలకు ఒకటే నియమం: వైన్ తీపి బెల్లం తీపిని మించాలి, లేకపోతే వైన్ పుల్లటి నీళ్లలా ఉంటుంది. ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే తియ్యటి ‘లేట్ హార్వెస్ట్’ షెనిన్ బ్లాన్ 375 మి.లీ. సీసా నలుగురికి సరిపోతుంది. నువ్వుల అరిసెలకైతే పీపాల్లో నిల్వ ఉంచిన పోర్చుగల్ తియ్యటి వైన్ టానీ పోర్ట్ ఇంకా బాగుంటుంది. పోర్ట్ అని రాసి మన దుకాణాల్లో చవగ్గా అమ్మే తియ్యటి రెడ్ వేరు, పోర్చుగల్ డౌరో లోయ పోర్ట్ వేరు. లేబుల్ చదివి కొనండి.

ఇంత చూసి కొన్నాక కూడా ఎక్కువ ఇళ్లలో వైన్ చెడేది వేడి వల్ల. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలని మీ వ్యాసంలోనూ రాశారు. ఐరోపాలో ఆ మాట అన్నవాళ్ల గది చలికాలంలో పదహారు, పద్ధెనిమిది డిగ్రీలు ఉండేది. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం ఇరవై ఎనిమిది ఉంటుంది, వంటింటి పక్కన ఇంకా ఎక్కువ. ఆ వేడిలో ముందు పైకి లేచేది ఆల్కహాల్ ఆవిరి. ముక్కుకు స్పిరిట్ వాసన కొడుతుంది, పండు వాసన దాని కింద అణగిపోతుంది. రెడ్‌ను కూడా ముప్పావు గంట నుంచి గంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వైట్, రోజే అయితే మూడు గంటలు. బయటికి తీశాక పది నిమిషాలు ఆగి పోయండి. ఫ్రిజ్ చలిలో వాసనలు ముడుచుకుని ఉంటాయి.

అతిథులు గుమ్మంలో ఉన్నారు, సీసా వేడిగా ఉంది అనుకోండి. పాత్రలో ఐసు ఒక్కటే వేస్తే ముక్కల మధ్య గాలి ఉండి చల్లదనం సరిగా తగలదు. సగం ఐసు, సగం నీళ్లు, ఒక గుప్పెడు కల్లుప్పు వేసి, సీసా మెడ దాకా ముంచి, మధ్యమధ్య తిప్పండి. రెడ్‌కు పది నిమిషాలు, వైట్‌కు ఇరవై పైన. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. మరిచిపోతే వైన్ గడ్డకట్టి, ఉబ్బి, బిరడాను నెట్టేస్తుంది, సీసా పగలనూవచ్చు. న్యూజెర్సీలోనో చికాగోలోనో ఉన్న మనవాళ్లకు దీనికి ఎదురు చిక్కు వస్తుంది. గరాజ్‌లో పెట్టిన సీసా జనవరిలో రెండు మూడు డిగ్రీలకు దిగుతుంది, అంత చలిలో రెడ్ వగరు రెట్టింపుగా తోస్తుంది. భోజనానికి రెండు గంటల ముందు ఇంట్లోకి తెచ్చుకోవాలి.

సీసా మూత తీసి ఉంచితే ‘గాలి పోసుకుంటుంది’ అంటారు. మెడ దగ్గర రూపాయి బిళ్లంత మేరే గాలి తగులుతుంది, దానితో ఏమీ కాదు. వగరైన కుర్ర రెడ్‌ను వెడల్పాటి గాజు జగ్గులోకి ఒంపి అరగంట ఉంచితే మార్పు తెలుస్తుంది. గ్లాసులో మూడో వంతు దాటించకండి. వాసన నిలవడానికి పైన చోటు కావాలి.

కొనేటప్పుడు చూడవలసినవి. మన వైన్ షాపుల్లో సీసాలు లైట్ల కింద నిలబెట్టి ఉంటాయి. వాకిలి దగ్గర ఎండ తగిలే అరలోది తీసుకోకండి. బిరడా పైకి ఉబ్బినా, మెడ చుట్టూ జిగట కారినట్టున్నా అది వేడికి ఉడికిన సీసా, రుచి ఉడికించిన పండ్ల జామ్‌లా ఉంటుంది. నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. షెనిన్, సావిన్యాన్ బ్లాన్‌లలో లేబుల్ మీద సరికొత్త సంవత్సరం ఉన్నది అడగండి, ఇవి నిల్వతో బాగుపడేవి కావు. ఇంట్లో ఫ్రిజ్ పైన పెట్టడం అలవాటు, అక్కడ వేడీ ఎక్కువే, అదురూ ఎక్కువే. బీరువా అడుగు అర నయం. బెండు బిరడా సీసాను పడుకోబెట్టాలి, మరమూత సీసా నిలబెట్టినా ఫరవాలేదు. తెరిచాక తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడు అంటుకున్నట్టు. గాలి తగిలినా అది పోదు, వంటకూ వాడకండి.

లెక్కకు 750 మి.లీ. సీసా 150 మి.లీ. చొప్పున ఐదు గ్లాసులు. పదమూడు శాతం వైన్ ఒక గ్లాసులో దాదాపు పదిహేను గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ముందు అన్నం, తర్వాత గ్లాసు. బండి నడిపేవాళ్లకు పోయొద్దు. మిగిలితే మూత బిగించి, రెడ్ అయినా సరే ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజులు బాగుంటుంది, బుడగల వైన్ మర్నాటికే చప్పబడుతుంది.

మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు వైన్ పేర్లను మాంసం వారీగా కాకుండా వంట వారీగా ఇవ్వాలనీ, ప్రతి పేరు పక్కన ఎన్ని డిగ్రీల చల్లదనంలో పోయాలో వేయాలనీ కోరుతున్నాను. బలమైన రెడ్‌కు పదహారు నుంచి పద్ధెనిమిది, తేలికపాటి రెడ్‌కు పదమూడు, వైట్‌కూ రోజేకూ ఎనిమిది నుంచి పది, బుడగల వైన్‌కు ఆరు నుంచి ఎనిమిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సికింద్రాబాద్