మైకు ఒక్కసారి కిందికి ఇవ్వండి: మంత్రి గారికి ఒక బూత్ కార్యకర్త బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి గారికి నమస్కారాలు.

మొన్నటి మండల కార్యకర్తల సమావేశంలో మీ ప్రసంగం మొత్తం వెనక వరసలో నిలబడి విన్నాను. ఇంటింటికీ వెళ్లండి, చేసింది చెప్పండి, జనాన్ని ఒప్పించండి అన్నారు. మేమున్నదే అందుకు సార్. కానీ ఏం చెప్పి ఒప్పించాలో అడుగుదామని చెయ్యెత్తితే, మీకు పక్క మండలంలో ప్రోగ్రాం ఉందని నన్ను కూర్చోబెట్టారు. నేను అడగాలనుకున్నది పేదలకిచ్చే ప్రభుత్వ ఇళ్ల జాబితా గురించి. ఇదే విషయం మీద క్యాంపు ఆఫీసులో ఇచ్చిన వినతిపత్రాలు పీఏ గారు తీసుకున్నారు, సార్ దృష్టికి తీసుకెళ్తామన్నారు. ఇప్పటిదాకా జవాబు లేదు. మండల నాయకుల్ని అడిగితే "ఇప్పుడెందుకులే" అంటున్నారు. ఇక దారి లేక నలుగురి ముందూ రాస్తున్నాను.

ఇళ్ల పథకం సంగతులు మీకు తెలియనివి కావు. ఆ జాబితా మా గడపల దగ్గర మమ్మల్ని ఎలా నిలదీస్తోందో మాత్రం మీకు ఎవరూ చెప్పినట్టు లేరు.

కరపత్రం పట్టుకుని ఏ ఇంటికి వెళ్లినా కూర్చోమంటారు, మంచినీళ్లిస్తారు. పింఛను గురించి, రోడ్డు గురించి చెబితే వింటారు. అంతా విన్నాక ఒకటే ప్రశ్న: "మా ఇల్లు ఏమైంది?" మా బూత్‌లో ఒక పెద్దామె ఉంది. కప్పు మీద టార్పాలిన్, వానొస్తే సామానంతా ఒక మూలకు చేర్చుకుంటుంది. అప్లికేషన్ పెట్టింది, సర్వేకు వచ్చినవాళ్లు ఫోటో కూడా తీసుకుని వెళ్లారు. జాబితాలో పేరు లేదు. ఎందుకు లేదని ఆఫీసులో అడిగితే పార్టీవాళ్లను అడగమంటారు. పార్టీలో అడిగితే, సర్పంచ్ ఎన్నికల్లో ఆమె కొడుకు అవతలి వర్గంతో తిరిగాడంటారు. సార్, సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఏ పార్టీ గుర్తూ లేని ఎన్నికలో ఎవరి వెంటో తిరిగాడని తల్లికి ఇల్లు ఆపితే, ఆ గడపలో నిలబడి నేను చెప్పగలిగిన మాట ఏముంది?

గ్రామసభకు ముందే జాబితా మన పార్టీ సమావేశంలో ఖరారవుతోందని ఊళ్లో అందరికీ తెలుసు. గ్రామసభ రోజు పేర్లు గబగబా చదువుతారు, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకుంటారు. అందుకే జనం రావడమే మానేస్తున్నారు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. మనకు ఓటేసినవాళ్లూ, వెయ్యనివాళ్లూ కూడా. కేంద్ర గ్రామీణ ఆవాస్ పథకంలో మైదాన ప్రాంతాల్లో ఇంటికి ఇచ్చే 1,20,000 రూపాయల్లో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఒక్క రూపాయి కూడా ఏ పార్టీదీ కాదు. అర్హుల జాబితాను గ్రామసభ పరిశీలించాలన్న నిబంధన కూడా అందులోనే ఉంది.

జనాన్ని ఒప్పించడం ఒక్క ప్రసంగంతో అయ్యే పని కాదు సార్. ఒంట్లో బాగోక ఆస్పత్రికి పోతే వెంట వెళ్తాం, చావు జరిగితే ముందు నిలబడతాం, రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. అలా ఏళ్ల తరబడి సంపాదించుకున్న మాట అది. "నీ మొహం చూసి వేశాం" అంటారు ఎన్నికలయ్యాక. ఇప్పుడు అదే మనుషులు కరపత్రం తిరిగి చేతికిస్తున్నారు. ఇంటి ముందు ఫోటో దిగి గ్రూపులో పెట్టమంటే పెడుతున్నాం. ఆ ఫోటోలు చూసి ప్రచారం బాగా జరుగుతోందని మీరు అనుకుంటున్నారేమో, దయచేసి అలా అనుకోకండి. లోపల ఏం మాట్లాడుకున్నామో ఫోటోలో కనపడదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీరు వచ్చేలోపు కొందరు నాయకులు "మనకు వెయ్యకపోతే ఇల్లు రాదని చెప్పండి" అని మాకు నేర్పుతున్నారు. అది బెదిరింపు. అది నేను చెప్పను. ఆ మాటకు భయపడి ఓటేసినవాడు మన వాడు కాడు, అవకాశం దొరికిన రోజు కసిగా తిప్పి కొడతాడు.

మన సమావేశాల్లో సగం టైము శాలువాలకూ, వేదిక మీది పేర్లు చదవడానికే పోతోంది. మైకు ఎప్పుడూ పైనే. కింద కూర్చున్న బూత్ కమిటీలవాళ్లు ఊళ్లో విన్నది ఎవరికి చెప్పుకోవాలి? మా టెన్షన్ మీరు వినకుండా, జనం బాధ వినమని మమ్మల్ని ఎలా పంపుతున్నారు?

చేతులెత్తి వేడుకుంటున్నాను. ఇళ్ల జాబితాను పార్టీ సమావేశాల్లోంచి తీసేసి గ్రామసభ ముందు పెట్టించండి. పేరు రానివాళ్లకు కారణం రాతపూర్వకంగా ఇప్పించండి, పంచాయతీ నోటీసు బోర్డులో అతికించండి. ఆ పెద్దామె లాంటివాళ్ల అప్లికేషన్లు మళ్లీ విచారించమని అధికారులకు చెప్పండి. మీరు వచ్చే సమావేశంలో ప్రసంగానికి ముందే ఒక గంట మైకు కిందికి ఇవ్వండి, మేం అడిగినదానికి అక్కడే జవాబు చెప్పండి. జాబితా సంగతి మాత్రం ఆ సమావేశం దాకా ఆగకుండా ముందే తేల్చండి సార్. వానలు మొదలవకముందే తేల్చండి.

ఇట్లు,
మన పార్టీ బూత్ కమిటీ సభ్యుడు