వాడిన లాట్ ఒకటి, మీ ట్రేస్ రిపోర్ట్ చూపించేది ఇంకొకటి

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసమంటూ మీరు అమ్ముతున్న బ్యాచ్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌ను మేం వాడుతున్నాం. దాని గురించే ఈ ఫిర్యాదు.

ఈమధ్య మా సప్లయర్ ఒక ముడిసరుకు లాట్‌ను (ఒకే నంబర్‌తో ఒక విడతగా వచ్చిన సరుకును) రీకాల్ చేశారు, అంటే వెనక్కి పిలిపించారు. అది మా ఏ బ్యాచ్‌ల్లోకి వెళ్లిందని మీ ట్రేస్ రిపోర్ట్‌లో వెతికితే ఒకే బ్యాచ్ చూపించింది. మావాళ్లు చేత్తో రాసిన ప్రొడక్షన్ షీట్లు తీసి చూస్తే ఆ లాట్ పడింది వేరే రెండు బ్యాచ్‌ల్లో. రిపోర్ట్ చెప్పిన బ్యాచ్‌లో అది అసలు లేదు. మీ రిపోర్ట్‌నే నమ్ముకుని ఉంటే మంచి సరుకు వెనక్కి తెప్పించి, అనుమానం ఉన్న సరుకును కొన్నవాళ్ల దగ్గరే వదిలేసేవాళ్లం.

ఎందుకిలా అని చూస్తే, మీ సాఫ్ట్‌వేర్ ఏ బస్తా విప్పామో అడగనే అడగదు. స్టాక్‌లో ముందు వచ్చిన లాట్ నుంచి దానంతటదే తగ్గించేసుకుంటుంది. ముందొచ్చింది ముందు వాడాలన్నది మంచి పద్ధతే, కాదనం. కానీ పని ఒత్తిడిలో చేతికందిన బస్తా విప్పే రోజులూ ఉంటాయి. అలాంటి రోజు ఏం జరిగిందో తెలియాలనే కదా రికార్డు పెట్టుకునేది! స్టాక్ విలువ లెక్కకు ఈ ఊహ సరిపోతుందేమో గానీ, రీకాల్‌కు సరిపోదు.

ఆహార ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ 2006 సూత్రాల్లోని ‘ఒక అడుగు వెనక్కి, ఒక అడుగు ముందుకు’ అన్న మాట మీ బ్రోషర్‌లో గొప్పగా వేసుకున్నారు. ఎవరి దగ్గర కొన్నాం, ఎవరికి అమ్మాం అన్నవి సరిగ్గానే నమోదవుతున్నాయి. తెగిపోయిందల్లా ఆ రెంటినీ కలిపే మధ్య లింకు, అంటే మా యూనిట్ లోపల జరిగింది. ఒక బ్యాచ్‌లో మిగిలింది తర్వాతి బ్యాచ్‌లో కలిపితే రాయడానికి చోటే లేదు.

ఇంకొకటి. బార్‌కోడ్‌లకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ జీఎస్‌1 బార్‌కోడ్‌లో 10 అనే కోడ్ తర్వాత వచ్చే లాట్ నంబర్‌లో అక్షరాలు, అంకెలు కలిపి 20 దాకా ఉండొచ్చు. మీరు దాన్ని మామూలు సంఖ్యలా చదివి ముందున్న సున్నాలు తీసేస్తున్నారు. 0047, 47 ఒకే లాట్ అయిపోతున్నాయి.

సపోర్ట్‌కు ఫోన్ చేస్తే ‘మీరే మాన్యువల్‌గా మార్చుకోండి’ అన్నారు. మారిస్తే పాత ఎంట్రీ మాయమవుతోంది, ఎవరు ఎప్పుడు మార్చారో ఉండదు. తనిఖీకి వచ్చినవాళ్లకు ఏమని చెప్పుకోవాలి?

తయారీ సమయంలో, వాడిన లాట్‌ను స్కాన్ చేయనిదే ఎంట్రీ పూర్తి కాకుండా చేయండి. లాట్ నంబర్‌ను ఉన్నదున్నట్టు భద్రపరచండి. మార్పుల చరిత్ర చెరిగిపోకుండా చూడండి. ఈ లోపం గురించి మిగతా కస్టమర్లందరికీ వెంటనే తెలియజేయండి, ఇది ఆగే పని కాదు. సరిచేసేదాకా మా సబ్‌స్క్రిప్షన్ ఫీజు నిలిపివేయాలి. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రిపోర్ట్, ప్రొడక్షన్ షీట్ల కాపీలు జతచేశాం.

ఇట్లు,
యూనిట్ నిర్వాహకురాలు