వందమంది దిగిన మడుగులో చూసేవారెవరు?

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు మొదలయ్యాక ‘ప్రాణం తీసిన ఈత సరదా’ అన్న శీర్షిక మీ పేజీల్లో పదేపదే కనిపిస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం చదువుతున్నారు, కన్నవాళ్లు ఎలా గుండెలు బాదుకున్నారు అన్నీ రాస్తారు. ఎలా మునిగారన్నది మాత్రం ‘ప్రమాదవశాత్తు’తో సరిపెట్టేస్తారు. ఈత నేర్పుతూ, ఒడ్డున కాపలా కాస్తూ ఉండే మాబోటి వాళ్లకు కావాల్సిన వార్త సరిగ్గా అక్కడే ఆగిపోతోంది. కారణాలు దాదాపు ప్రతిసారీ అవే, ముందే చెప్పగలిగినవే. వాటిలో మొదటిది లోతు కాదు, సుడి కాదు. అక్కడ జనం ఉన్నారన్న ధైర్యం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి దాదాపు 3 లక్షల మంది చనిపోయారు. అందులో నాలుగోవంతుకు దగ్గరగా అయిదేళ్లలోపు పిల్లలే. పక్కన పెద్దలు లేక పోయిన ప్రాణాలు కొన్నయితే, ఉండి కూడా గమనించక పోయినవి కొన్ని.

మునిగేవాడు చేతులు పైకెత్తి ‘కాపాడండి’ అని అరుస్తాడనుకుంటాం. అలా అరవగలిగితే ఇంకా ఊపిరి అందుతున్నట్టే. నిజంగా మునిగేటప్పుడు గొంతు పెగలదు, ఎందుకంటే నోరు నీటి పైకి వచ్చే ఆ అరక్షణం గాలి పీల్చడానికే చాలదు. చేతులు రెండు పక్కలకు చాచి నీటిని కిందకు నొక్కుతుంటాయి, ఎత్తి ఊపడం మనిషి వశంలో ఉండదు. ఒళ్లు నిలువుగా ఉంటుంది, కాళ్లు తన్నవు, తల వెనక్కి వాలి నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, జుట్టు కళ్లమీద పడినా తీసుకోరు. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డు 1970లలో దీన్ని ఫిల్ముల్లో చిత్రీకరించి చూపించాడు. ఇది సాగేది 20 నుంచి 60 సెకన్లు. ఆ తర్వాత మనిషి కిందకు వెళ్లిపోతాడు. దూరం నుంచి చూసేవాళ్లకు నిలబడి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అనుమానం వస్తే ‘బాగున్నావా?’ అని పిలవండి. జవాబు రాకపోతే మీకున్నది అర నిమిషమే.

ఇప్పుడు ఈ దృశ్యాన్ని వందమంది కేరింతలు కొడుతున్న మడుగులో ఊహించుకోండి. అరుపులు, నీళ్లు చల్లుకోవడం, పాటలు. అందరి కాళ్లకింద బురద లేచి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, రెండడుగుల కింద ఏముందో కనిపించదు. పైగా తల్లి చూస్తోందని తండ్రి, తండ్రి చూస్తున్నాడని బాబాయి, అంతమంది ఉన్నారుగా అని తల్లి. మనుషులు పెరిగినకొద్దీ చూసే కళ్లు తగ్గడమే గుంపుతో వచ్చిన చిక్కు.

దీనికి మందు ఖర్చులేనిది. ఒక్కరిని పేరుపెట్టి కాపలా పెట్టాలి. ఆ మనిషి దిగకూడదు, ఫోను ముట్టకూడదు, మాటల్లో పడకూడదు. చూపు అంతకంటే ఎక్కువసేపు నిలవదు కాబట్టి 15, 20 నిమిషాలకోసారి మారాలి. మారేటప్పుడు ‘ఇక నువ్వు చూడు’ అని నోటితో చెప్పి, ‘సరే, చూస్తున్నా’ అని అనిపించుకున్నాకే కదలాలి. ఈత రాని పిల్లల పక్కన మాత్రం ఒడ్డున కూర్చునే కాపలా చాలదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్లు నీళ్లలోనే ఉండాలి. పెద్ద పిల్లల్ని ఇద్దరిద్దరిగా జతచేసి, పావుగంటకోసారి ఈల వేస్తే జత చేతులు పట్టుకుని పైకెత్తాలి. ఎత్తని చెయ్యి ఉంటే వెంటనే తెలిసిపోతుంది. పిల్లలకు తెల్ల, నీలి, ఆకుపచ్చ బట్టలు వెయ్యకండి, నీళ్లలో అవి కలిసిపోతాయి. మిరుమిట్లు గొలిపే నారింజ రంగైతే బురద నీళ్లలోనూ కొంచెం లోతువరకు కనిపిస్తుంది. ఎవరైనా కనిపించకపోతే ముందు నీళ్లలో వెతకాలి. బండి దగ్గర, చెట్ల చాటున వెతకడం ఆ తర్వాత సంగతి.

ఇక నీళ్ల సంగతి. పైనుంచి చూస్తే లోతు అసలుదానికంటే పావువంతు తక్కువగా కనిపిస్తుంది. కాంతి వంగడం వల్ల వచ్చే భ్రమ ఇది. ఎనిమిదడుగుల గుంట ఆరడుగులనిపిస్తుంది, పక్కనుంచి ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. సహజమైన మడుగుకు ఈతకొలనులా సమంగా దిగే అడుగు ఉండదు. మోకాలి లోతులో నడుస్తుంటే తర్వాతి అడుగుకే కాలు అందదు. ఇసుక తవ్విన గుంతలు, జలపాతం పడి కోసిన గుండం, వంపు తిరిగే చోట బయటి ఒడ్డు కింద ఒరుసుకుపోయిన లోతు, ఇవే అసలు ప్రాణాంతకాలు. మొన్న దిగి చూసుకున్న చోటే అయినా మధ్యలో ఒక్క వరద వస్తే అడుగు మారిపోయి ఉంటుంది. అందుకే దిగేవాళ్లు పొడవాటి కర్రతో ముందు పొడిచి చూసుకుంటూ వెళ్లాలి. తలకిందులుగా దూకడం ఏ సహజ మడుగులోనూ పనికిరాదు. మెడ ఎముక విరిగితే బతికినా కాళ్లూ చేతులూ కదలకపోవచ్చు.

పారే నీళ్లలో మోకాలు దాటితే నిలబడటానికి ప్రయత్నించకూడదు. నీటి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. రాళ్ల సందులో పాదం ఇరుక్కుని ఒళ్లు ముందుకు పడితే నడుములోతులో కూడా తల పైకి లేవదు. కొట్టుకుపోతుంటే వెల్లకిలా తిరిగి, కాళ్లు ముందుకు పెట్టి, పాదాలు పైకి తేల్చి, చేతులతో ఏటవాలుగా ఒడ్డువైపు తోసుకుంటూ పోవాలి. ఎదురీత వద్దు. చెక్‌డ్యాం మీదుగా నీళ్లు దూకే చోటు అన్నిటికంటే మోసం. ఎత్తు నాలుగడుగులే, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కింద పడిన నీళ్లు మళ్లీ గోడవైపే తిరిగి, అక్కడ పడ్డవాళ్లను పదేపదే లోపలికి లాగుతాయి. తెల్లగా నురగలు కక్కే నీళ్లలో గాలి కలిసి ఉంటుంది గనక ఒళ్లు తేలడమూ తక్కువే. ఫొటోలకు జనం ఎగబడేది అక్కడికే.

ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన ఎక్కడో వాన పడుతూ ఉండవచ్చు. తేట నీళ్లు ఉన్నట్టుండి మురికి తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకు రావడం, ఎగువనుంచి హోరు వినపడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అందరూ బయటికి రావాలి. చేరగానే నీటి అంచున ఒక పుల్ల పాతి, కాపలా మనిషి దాన్నీ చూస్తుండాలి. నాలుగు వేళ్లు పెరిగినా సామాను కోసం ఆగకుండా గట్టుమీదకి ఎక్కాలి. వాగు మధ్యలో బండమీద చాప పరుచుకుని కూర్చున్నవాళ్లకు అంత వ్యవధి దొరకదు. ఆనకట్ట దిగువనైతే గేట్లు ఎత్తడానికి వానే అక్కర్లేదు. సైరన్ వినపడితే సెల్ఫీలు ఆపాలి.

తాగి దిగేవాళ్ల గురించి వేరే రాయనక్కర్లేదు. గాలి నింపిన ట్యూబుల గురించి మాత్రం రాయాలి. అది బొమ్మే గాని రక్షణ సాధనం కాదు. పట్టు జారితే ట్యూబు ఒక చోట, పిల్లాడు ఒక చోట. తేలుతున్నాడన్న భరోసాతో లోతుకు పోనివ్వడం ఇంకా ప్రమాదం. ఒంటికి సరిపడి, పట్టీలు బిగించిన లైఫ్ జాకెట్టు ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

ఒకరు మునిగిన చోట ముగ్గురు పోయారన్న వార్తల్లో మిగతా ఇద్దరూ చాలాసార్లు కాపాడబోయినవాళ్లే. మునిగేవాడు దొరికిన మనిషిని కిందకు నొక్కి తాను పైకి లేస్తాడు. అందులో వాడి తప్పేం లేదు, ఊపిరి కోసం ఒళ్లు చేసే పని అది. అందుకే మొదట ఒడ్డునుంచి కర్ర, చున్నీ, తువ్వాలు ఏదైనా అందించాలి. అందకపోతే విసరాలి. బండిలో ఎప్పుడూ ఉంచుకోవలసినవి రెండు: నీటిమీద తేలే 15, 20 మీటర్ల ప్లాస్టిక్ తాడు, మూత గట్టిగా బిగిసే ఖాళీ 5 లీటర్ల డబ్బా. డబ్బా ఖాళీగా ఉంటే గాలికి పక్కకు పోతుంది కాబట్టి పావు లీటరు నీళ్లు పోసి మూత బిగించి, పిడికి తాడు కట్టాలి. నీళ్లలో తల పైన ఉండటానికి పెద్దవాళ్లకు కావలసిన ఆసరా 3 నుంచి 5 కిలోలే, ఆ డబ్బా దాదాపు అంత ఇస్తుంది. విసిరేటప్పుడు మనిషి ముందుకు కాదు, తల దాటి అవతలికి వెయ్యాలి. అప్పుడు తాడు భుజంమీద పడుతుంది. రెండో కొసను చేతికి చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. కూర్చునో, బోర్లా పడుకునో లాగాలి, నిలబడితే లాగేవాడే నీళ్లలో పడతాడు. చేతులు పట్టుకుని గొలుసుగా దిగడం సినిమాలో బాగుంటుంది. గుంత అంచున ముందున్నవాడి కాలు జారితే గొలుసంతా వెంట పోతుంది.

బయటికి తీశాక చేసే పనుల్లోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పొట్ట నొక్కడం, భుజాన బోర్లా వేసుకుని పరుగెత్తడం, కాళ్లు పట్టి తిప్పడం వంటివి ఏవీ చెయ్యకండి. పొట్టలోంచి వచ్చే నీళ్లూ తిండీ ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. మెదడుకు ప్రాణవాయువు అందక 4 నుంచి 6 నిమిషాలైతే జరిగే నష్టం చాలావరకు పూడదు. పది సెకన్లలో ఊపిరి చూడండి. ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస వస్తే దాన్ని ఊపిరి కింద లెక్కపెట్టొద్దు. అంబులెన్సుకు ఫోను చెయ్యమని ఒకరికి వేలు చూపించి చెప్పండి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, రొమ్ము లేచేలా ఒక్కో సెకను చొప్పున 5 సార్లు నోట్లోకి ఊదండి. కొన్ని శిక్షణల్లో 2 సార్లు అంటారు. ఏదైనా నీట మునిగినవాళ్లకు ముందు గాలి కావాలి, గుండె నొక్కుడు ఒక్కటే చాలదు. తర్వాత రొమ్ము మధ్యలో అరచేతి మడమ ఆనించి, పెద్దవాళ్లకు 5, 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదండి. అదే వరస. నోట్లోంచి నురగ వస్తూనే ఉంటుంది, దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు. వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి శుభ్రం చేసి మళ్లీ మొదలెట్టాలి. నొక్కే మనిషి రెండు నిమిషాలకోసారి మారాలి. మనిషి లేచి కూర్చున్నా, దగ్గు ఆగకపోయినా, ఆయాసం ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల వాపు కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

జనం ఎక్కువైన నిలవ నీటికి ఇంకో చిక్కుంది. నీళ్ల విరేచనాలు అవుతున్న ఒక్క పిల్లాడు దిగినా మడుగంతా చెడుతుంది. ఒంటిమీద గాయాలుంటే దిగొద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటినుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ జబ్బు ఆ దారిన రావచ్చు. పచ్చరంగు పోసినట్టు పైన పాచి తేలే నీళ్లలోకి మనుషులనే కాదు, కుక్కల్నీ దించకూడదు. వేడెక్కిన చెరువు, మడుగు నీళ్లలో పెరిగి మెదడుకు సోకే నెగ్లేరియా అమీబా జబ్బు చాలా అరుదు, కానీ సోకితే దాదాపుగా ప్రాణాంతకమే. అది ముక్కులోంచే పోతుంది, మింగితే ఏం కాదు. కాబట్టి ముక్కు మూసుకుని మునగడం, అడుగు బురద కెలకకపోవడం మేలు. దిగివచ్చిన కొన్ని రోజుల్లో జ్వరం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం కనిపిస్తే ఫలానా చోట ఈత కొట్టామని డాక్టరుకు మీరే చెప్పాలి, ఆయనంతట ఆయన అడగకపోవచ్చు.

మీ పత్రికను కోరేది ఇదీ. ఈత మరణం వార్త రాసేటప్పుడు నాలుగు సంగతులు అడిగి రాయండి: దిగిన చోట అడుగు ఎలా ఉంది, ఒడ్డున ఎవరైనా కాపలా ఉన్నారా, తాడుగానీ డబ్బాగానీ అందుబాటులో ఉందా, బయటికి తీసిన వెంటనే ఏం చేశారు. మృతుల కుటుంబాన్ని తప్పుపట్టేలా కాకుండా, చదివేవాడు రేపు అదే చోటికి వెళితే పనికొచ్చేలా రాయండి. పొట్ట నొక్కుతున్న ఫొటోలు ‘ప్రథమ చికిత్స’ అన్న వ్యాఖ్యతో వేస్తున్నారు, దయచేసి అవి ఆపండి. ఆ స్థలంలో ఊపిరి ఊదే విధానం బొమ్మలతో వేస్తే కత్తిరించి బండి డ్యాష్‌బోర్డులో పెట్టుకోవచ్చు. బొమ్మలు మా దగ్గరున్నాయి, అడిగితే పంపుతాం.

— ఈత నేర్పే కొందరం