వార్షిక నివేదిక 2025–26: ఆచార్య నీలకంఠ శాస్త్రి గారి రచనల అధ్యయనం

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించినట్టుగా, ఈ ఏడాది మన చెన్నై తెలుగు కుటుంబాల సంఘం చరిత్ర విభాగం తన కార్యక్రమాలన్నిటినీ దక్షిణ భారత చరిత్రకారులు ఆచార్య కె.ఎ. నీలకంఠ శాస్త్రి గారి జీవితానికీ రచనలకూ కేటాయించింది. 1975 జూన్ 15న కన్నుమూసిన ఆయనకు 2025 జూన్‌తో 50వ వర్ధంతి వచ్చింది. దండలు వేసి ఉపన్యాసాలిచ్చి ఊరుకోకుండా ఆయన పుస్తకాలు తెరిచి చదవాలన్న సభ్యుల కోరికను వీలైనంతవరకు నెరవేర్చామని కార్యవర్గం భావిస్తోంది.

శాస్త్రి గారు 1892 ఆగస్టు 12న తిరునెల్వేలి సమీపంలోని కల్లిడైక్కురిచ్చిలో ఒక పేద తెలుగు నియోగి కుటుంబంలో పుట్టారు. ఈ కారణం చేతనే ఆయనను ఎంచుకోవాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. పుట్టుకను బట్టి పండితుణ్ణి పంచుకోవడం మొదలుపెడితే తమిళ మిత్రులకు ఆయనపై ఇంకా ఎక్కువ హక్కు ఉంటుందనీ, ఆయనను చదవడానికి తెలుగువారికి వేరే గట్టి కారణాలే ఉన్నాయనీ కార్యవర్గం అభిప్రాయపడింది. ఆ కారణాలు కింద వస్తాయి.

తొలి సమావేశం ఆయన ఉద్యోగ జీవితంపై జరిగింది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి ఎం.ఎ.లో ప్రథమ స్థానం పొందిన శాస్త్రి గారు, 1913లో తిరునెల్వేలి హిందూ కళాశాలలో అధ్యాపకులై, తరువాత రెండేళ్లు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులుగా పనిచేసి, 1920లో చిదంబరం వచ్చి అక్కడి మీనాక్షి కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1929లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగారి తరువాత మద్రాసు విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు శాఖ ఆచార్య పదవి స్వీకరించి 1946 వరకు కొనసాగారు. 1952లో మైసూరు విశ్వవిద్యాలయంలో ఇండాలజీ ఆచార్యులయ్యారు. 1957లో పద్మభూషణ్ అందుకున్నారు. అదే ఏడాది యునెస్కో తోడ్పాటుతో మద్రాసులో ఏర్పడిన ఆగ్నేయాసియా సంప్రదాయ సంస్కృతుల సంస్థకు డైరెక్టరై 1972 వరకు దాన్ని నడిపారు.

ఆయన పేరు నిలబెట్టిన గ్రంథం మాత్రం 1935, 1937లలో వెలువడిన చోళుల చరిత్ర ‘ది చోళాస్’. అంతకు ముందు 1929లో పాండ్యరాజ్య చరిత్రను ప్రచురించారు. వేల కొద్దీ శాసనాలనూ, తామ్రపత్రాలనూ, ప్రాచీన తమిళ సంగమ సాహిత్యాన్నీ, చైనా, అరబ్బు యాత్రికుల రాతలనూ పక్కపక్కన పెట్టి, ఒకదాని మాటను మరొకదానితో సరిచూస్తూ రాజుల వరుసనూ కాలాన్నీ స్థిరపరచిన తీరును మన చదువరుల బృందం చాలా వారాలపాటు నెమ్మదిగా పరిశీలించింది. అడుగు సూచికలే సగం పేజీ ఆక్రమించే ఆ పుస్తకం అందరికీ రుచించలేదని, మధ్యలో హాజరు పలచబడిందని ఒప్పుకోక తప్పదు.

పలచబడిన హాజరును మళ్లీ నింపింది ఉత్తరమేరూరు యాత్ర. కాంచీపురం జిల్లాలోని ఆ ఊరి వైకుంఠ పెరుమాళ్ ఆలయ గోడలపై మొదటి పరాంతక చోళుని కాలపు శాసనాలు, 919, 921 నాటివి, నేటికీ స్పష్టంగా కనిపిస్తాయి. గ్రామాన్ని 30 కుడుంబులుగా, అంటే వార్డులుగా విభజించి, అర్హుల పేర్లు తాటాకులపై రాసి కుండలో వేసి, చిన్నపిల్లవాడి చేత తీయించి గ్రామసభ సంఘాల సభ్యులను ఎన్నుకునేవారని అవి చెబుతాయి. పావు ‘వేలి’ (తమిళనాట భూమి కొలత)కి మించి పన్ను కట్టే భూమి, సొంత స్థలంలో ఇల్లు, 35 నుంచి 70 లోపు వయస్సు, వేదజ్ఞానం ఉండాలి. పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివారికీ, వారి దగ్గరి బంధువులకూ అర్హత లేదు. ఈ నియమాన్ని చదివినప్పుడు మన కోశాధికారి గారి వైపు అందరి చూపులూ మళ్లాయి. ఆయన లెక్కలు సకాలంలో ఇచ్చారని ఇక్కడే నమోదు చేస్తున్నాను. శాస్త్రి గారు 1932లో ప్రచురించిన చోళ పరిపాలన వ్యాసాల్లో ఈ శాసనాలను వివరంగా చర్చించారు. ఇది బ్రాహ్మణ అగ్రహారపు సభ అనీ, ఊళ్లోని తక్కినవారికి అందులో చోటు లేదనీ యాత్రలోనే ఒక సభ్యురాలు గుర్తుచేశారు.

తెలుగువారికి ఆయన రచనలు ఎందుకు కావాలన్నది తరువాతి సమావేశాల విషయం. రాజరాజ నరేంద్రునికీ, రాజేంద్ర చోళుని కుమార్తె అమ్మంగదేవికీ పుట్టిన వేంగి రాజకుమారుడు 1070లో మొదటి కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కిన ఘట్టాన్ని ఆయన ఆధారాలతో సహా విప్పి చెప్పారు. నన్నయ భారతం పుట్టిన ఆస్థానపు బిడ్డే చోళ రాజధాని గంగైకొండ చోళపురం ఏలాడన్న సంగతి మన పిల్లలకు కొత్తగా తోచింది. 1946లో చరిత్రకారులు నేలటూరి వెంకటరమణయ్య గారితో కలిసి మూడు సంపుటాలుగా ప్రకటించిన విజయనగర చరిత్ర ఆధారాల సంకలనం, తెలుగు సాహిత్య, కైఫీయత్తు (గ్రామాల స్థానిక చరిత్రల) భాగాలను చరిత్రకారుల బల్లమీదికి తెచ్చింది. నా దృష్టిలో తెలుగు చరిత్రకు ఆయన చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు ఇదే.

విమర్శకు విడిగా ఒక సమావేశం పెట్టాం. 1915లో దేశభాషల్లో చరిత్ర బోధన గురించి చర్చ వచ్చినప్పుడు, తన భావాలు చెప్పడానికి తమిళం కన్నా ఇంగ్లీషే అనువైనదని ఆయన రాయగా తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి తీవ్రంగా ఖండించారు. తమిళ సాహిత్యం విషయంలో ఆయన సొంతంగా కాక ఎస్. వైయాపురి పిళ్లై వంటి తమిళ పండితులపై ఆధారపడ్డారన్న మాట కూడా ఉంది. అంతకన్నా లోతైన ఆక్షేపణ అమెరికన్ చరిత్రకారుడు బర్టన్ స్టెయిన్‌ది. శాస్త్రి గారు చిత్రించిన, బైజాంటైన్ సామ్రాజ్య వైభవంతో పోల్చదగిన కేంద్రీకృత రాజరికం, సంపూర్ణ గ్రామ స్వపరిపాలన, ఈ రెండూ ఒకేచోట ఎలా ఇముడుతాయని స్టెయిన్ 1980 నాటి తన గ్రంథంలో ప్రశ్నించారు. చరిత్రకారులు నొబొరు కరషిమా, వై. సుబ్బరాయలు శాసనాల్లోని పేర్లనూ బిరుదులనూ లెక్కగట్టి మూడో దారి చూపారు. స్టెయిన్ ప్రశ్న సరైనదే అయినా, దాన్ని అడగడానికి కావలసిన కాలక్రమాన్ని అమర్చిపెట్టింది శాస్త్రి గారేనని సభ్యుల్లో ఎక్కువమంది అభిప్రాయపడ్డారు. నాదీ అదే అభిప్రాయం.

సంఘ గ్రంథాలయానికి ఆయన 1955 నాటి దక్షిణ భారత చరిత్ర ప్రతులు కొన్నాం. సివిల్స్‌కు చదివే యువకులు వాటిని వరుసగా తీసుకెళ్తున్నారు. గడువు దాటినవారు దయచేసి తిరిగి ఇవ్వాలి. ఆడిటరు ధ్రువీకరించిన జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతచేయడమైనది.

వచ్చే ఏడాది నేలటూరి వెంకటరమణయ్య గారి రచనలను, ముఖ్యంగా 1950లో వెలువడిన వేంగి తూర్పు చాళుక్యుల చరిత్రను చదవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఆ పుస్తకం పాత ప్రతులు ఇళ్లలో ఉన్న సభ్యులు కార్యాలయానికి తెలియజేయగలరు. ప్రతిపాదనను సభ ఆమోదానికి ఉంచుతున్నాను.

గౌరవ కార్యదర్శి