కోళ్లకు యాంటీబయాటిక్ మానేస్తే చాలదు

సంపాదకులకు,

కోళ్ల దాణాలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కేంద్రం 2019 జులైలో నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006లోనే ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడకాన్ని ఆపేసింది. మన రైతు వాటి బదులు ‘సహజం’ అని రాసిన ప్రోబయాటిక్, ఆమ్లం, పసుపు డబ్బా కొని, నెల తిరక్కుండానే పనిచేయలేదని పాత మందుకు వెళ్తున్నాడు. లోపం చాలాసార్లు వాడే తీరులోనే ఉంటోంది.

ప్రోబయాటిక్ అంటే మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. క్లోరిన్ కలిపిన నీళ్లలో వేస్తే అవి చస్తాయి. 80 డిగ్రీల వేడితో పెల్లెట్లు (గుళికలు) చేసే దాణాలో లాక్టోబాసిల్లస్ అనే రకం మిగలదు. అక్కడ బాసిల్లస్ రకం కావాలి, దాని సిద్ధబీజాలు (స్పోర్లు) వేడికి తట్టుకుంటాయి. సేంద్రియ ఆమ్లాలు నీళ్లలో కలిపితే పులుపు ఎంతో చెప్పే పీహెచ్ కాగితంతో చూసుకోవాలి. పీహెచ్ 4 కంటే దిగితే కోళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తాయి, మేతా తగ్గుతుంది. నీళ్లలో టీకా ఇచ్చే రోజు ఆమ్లం, క్లోరిన్ రెండూ బంద్.

పసుపు టన్ను దాణాకు 5 కిలోల దాకా వేయొచ్చు. రంగు కలిపిన చౌక పొడి మాత్రం వద్దు, అందులో సీసం ఉండొచ్చు.

ఇవన్నీ చేసినా లిట్టర్ (కోళ్ల కింద పరిచే ఊక) తడిగా ఉంటే కాక్సీడియా అనే పరాన్నజీవి పేగును గాయపరుస్తుంది, ఆ పుండ్లలో క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఊకను పిడికిట పట్టి వదిలితే విడిపోవాలి. ముద్దగా నిలిచిందంటే ముందు కోళ్లు నీళ్లు తాగే నిపుల్ లీకులు చూడండి. బూజు మొక్కజొన్నకు విరుగుడు పసుపు కాదు, ఆ బస్తా వెనక్కి పంపడమే.

– ఒక పాఠకుడు, తణుకు