చెట్లు కోసే మిషన్లకు ఒరిజినల్ పార్టులు అందుబాటు ధరకు ఇప్పించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. మా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను కోయడానికి గొడ్డళ్లు చాలలేదు. పెట్రోలు రంపం మిషన్ ఉన్న ఊళ్లకే ముందు దారి తెరుచుకుంది. ఆ ఏడాదే అప్పు చేసి 26 వేలకు ఒక మిషన్ కొన్నాను. ఈరోజు నాతో కలిపి నలుగురం దాని మీదే బతుకుతున్నాం.

పోయిన చలికాలంలో ఇంజిను సీజ్ అయింది, అంటే లోపల బిగుసుకుపోయింది. ఆయిల్ సరిగా కలపలేదేమో అని డీలరు అడిగాడు. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ (పెట్రోలులో కలిపే ఇంజిను ఆయిల్) కొలిచి పోయనిదే నేను మిషన్ స్టార్ట్ చేయను. సిలిండరు, పిస్టను మార్చాలన్నాడు. ఆ రెండింటికే 9 వేల పైచిలుకు! ధరల పట్టిక చూపించమంటే కంప్యూటర్లో ఉంది, బయటికి ఇవ్వం అన్నాడు. బరంపురంలో అలాంటిదే డూప్లికేట్ 1,500కు దొరికింది. కొన్నాను. ఒరిజినల్ సిలిండరు లోపలి గోడకు గట్టి పూత ఉంటుంది, ఆ వేడికి తట్టుకుంటుంది. దీని పూత రెండు నెలలకే లేచిపోయింది. మళ్లీ అలాంటిదే వేశాను, వేరే దారి లేక.

సిలిండరు పాడైతే పోయేది డబ్బు. చైన్ సంగతి అలా కాదు. డూప్లికేట్ చైన్ రివెట్టు ఊడి, పని మధ్యలో తెగి మా నలుగురిలో ఒకడి ముంజేతికి తగిలింది. ఏడు కుట్లు పడ్డాయి. తెగిన చైన్‌ను ఆపాల్సిన క్యాచర్ కూడా డూప్లికేటే, అది ముక్కలైంది. తప్పు మాదే అనేవాళ్లు ఉంటారు. రోజుకు 800 సంపాదించేవాడు పదకొండు రోజుల కూలి ఒక్క సిలిండరు, పిస్టనుకే ఎలా పెడతాడో వాళ్లే చెప్పాలి.

అమెరికాలో ఉన్న మా బావమరిదికి ఆ సిలిండరు, పిస్టను సెట్టు పార్టు నంబరు పంపి అడిగించాను. అదే నంబరు, అదే కంపెనీ పెట్టె. అక్కడి ధర రూపాయల్లో లెక్కిస్తే మన దగ్గరకన్నా తక్కువే వచ్చింది. అక్కడ చెట్లు కోసే మనిషికి అది అటూ ఇటూగా ఒకరోజు కూలి. ఆస్ట్రేలియాలో ఉన్న మా మేనల్లుడు మాత్రం తమ దగ్గరా అమెరికా ధర కన్నా ఎక్కువే పెట్టి కొంటున్నామని చెప్పాడు. దిగుమతి సుంకం, రవాణా ఖర్చు ఉంటాయి, కాదనను. కానీ దేశానికో డిస్ట్రిబ్యూటరును పెట్టి, వేరేచోట కొనుక్కునే దారి లేకుండా చేస్తే ధర వాళ్లు చెప్పిందే అవుతుంది.

ఇలాంటి పద్ధతి మీద మన దేశంలోనే తీర్పు వచ్చింది. విడిభాగాలు బయటి మెకానిక్కులకు దొరకనివ్వకపోవడం తప్పని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్లు నడిచాయి గానీ, ప్రశ్న మాత్రం సరైనదే. యూరప్‌లో 2024లో తెచ్చిన మరమ్మతు హక్కు చట్టం, విడిభాగాల ధర మరమ్మతు మానుకునేంతగా ఉండకూడదంటోంది. ఆ జాబితాలో వాషింగ్ మెషిన్లు, ఫోన్లు ఉన్నాయి, మా రంపం మిషన్ లేదు.

మన కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ పోర్టల్ (కంపెనీలు మరమ్మతు వివరాలు పెట్టే వెబ్‌సైటు) తెరిచినప్పుడు ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. చెట్లు కోసే మిషన్లు అమ్మే ప్రతి కంపెనీనీ అందులో చేర్పించి, పార్టు నంబరుతో సహా ధరలు తెలుగులో పెట్టించాలి. చైన్, అది తిరిగే బారు, దాన్ని ఆపే చైన్ బ్రేకు, క్యాచర్ మనిషి ప్రాణానికి సంబంధించినవి కాబట్టి వాటిపై పన్నులు, సుంకాలు ముందు తగ్గించాలి. తుపాను వచ్చినప్పుడు అధికారులు మా మిషన్లనే పిలిపిస్తారు కనుక, జిల్లాలో ఒక్కచోటైనా ఈ నాలుగు ఒరిజినల్ పార్టులు సరసమైన ధరకు దొరికేలా కలెక్టరు గారు చూడాలని కోరుతున్నాను. మా మిషన్‌కు ఇప్పటికీ డూప్లికేట్ సిలిండరే ఉంది. అక్టోబరు మళ్లీ వస్తోంది.

– చెట్లు కోసే కార్మికుడు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా